నది మా రేవు వదిలిన ఏడాది

నది మా ఇంటి ముందు నుంచి వెళ్ళిపోయి పదకొండేళ్ళయింది. ఇప్పుడక్కడ ఉన్నది ఒక మడుగు. వరద నెలల్లో నీళ్ళు, మిగతా నెలల్లో గడ్డి, ఏడాది పొడుగునా దోమలు. కొత్తగా వచ్చిన టీచర్లు దాని ఒడ్డున నిలబడి, ఎంత ప్రశాంతంగా ఉందో అంటారు. నేను అవునంటాను. ఉకయాలి అంతటి నది ఉన్నట్టుండి ఎందుకు లేచిపోయిందని అడిగితే మా ఊళ్ళో ఎవరైనా ఒకటే చెబుతారు: ఉరుగ్వే నుంచి వచ్చిన బస్సు డ్రైవరు వల్ల. నేను చెప్పేది కొంచెం వేరు.

మా ఊరు సాంతా ఎవుఫ్రాసియా. అక్కడ నది కుండ ఆకారంలో వంపు తిరిగేది. కుండ మెడ దగ్గర నది వచ్చే వైపూ, చుట్టి పోయే వైపూ దాదాపు ఒకదాన్నొకటి తాకేవి. మధ్యలో ఉన్న నేల రెండు వందల అంగలు, అంతే. మా ఊరు వచ్చే వైపు ఒడ్డున, మెడకి కాస్త లోపల ఉండేది. కింద నౌతా పట్నం నుంచి పైకి వచ్చే పడవ ఏదైనా సరే కుండంతా చుట్టి మా రేవు చేరాలి. దానికి గంటా ఇరవై నిమిషాలు పట్టేది. మా తాతలూ అలాగే చుట్టి వచ్చారు, మేమూ అలాగే చుట్టి వచ్చేవాళ్ళం, ఎవరికీ పెద్ద తొందర ఉండేది కాదు.

మా అక్క నెలీదా రేవు పక్కనే ఒక వసతిగృహం నడిపేది. పొడుగాటి స్తంభాల మీద ఆరు గదులు, తాటాకు లాంటి ఆకుల కప్పు, వెనక వంటిల్లు. బావ పోయాక ఆరేళ్ళుగా ఆవిడే యజమాని, ఆవిడే వంటమనిషి. నేను, తమ్ముడు రోల్దాన్‌ని, పడవ నడిపేవాణ్ణి, టూరిస్టులని అడవిలోకి తీసుకెళ్ళేవాణ్ణి. అప్పటికి నాకు ముప్పై రెండేళ్ళు, పెళ్ళి కాలేదు. పేరు తెలియని పక్షి కనిపిస్తే అప్పటికప్పుడు ఒక పేరు పెట్టేసేవాణ్ణి. టూరిస్టులు శ్రద్ధగా పుస్తకంలో రాసుకునేవాళ్ళు.

ఆ డిసెంబరులో ఎగువన పుకాల్పా నుంచి దిగే పెద్ద లాంచీలో దోన్ అన్సెల్మో వచ్చాడు. అరవై ఒకటో ఏడు, తెల్ల మీసం, చంకలో వేడినీళ్ళ ఫ్లాస్కు. ఉరుగ్వేవాళ్ళకి ఆ ఫ్లాస్కూ, మాతే ఆకు కషాయం పీల్చే సొరబుర్రా శరీరంలో భాగాలు. రెండు రోజులుంటానని వచ్చాడు.

"ముప్పై ఒక్క ఏళ్ళు ఒకటే రూటు, అమ్మా," అని మా అక్కకి చెప్పాడు. "పొద్దున సముద్రం నుంచి శ్మశానం దాకా, సాయంత్రం శ్మశానం నుంచి సముద్రం దాకా. రిటైరైన రోజే అనుకున్నాను, ఇక ఎవరో ఒకరు నడపాలి, నేను కిటికీ పక్కన కూర్చోవాలి అని."

"మరి ఇంట్లోవాళ్ళు ఏమీ అనలేదా? కాలికి బలపం కట్టుకుని ఇలా తిరుగుతుంటే?"

"అనడానికి ఎవరూ లేరు. పిల్లి ఉండేది, దాన్ని పక్కింటావిడకి ఇచ్చేశాను. అది కూడా ఏమీ అనలేదు."

అక్క అరటికాయలు చెక్కు తీస్తూ నవ్వింది. అది నేను గమనించాను, ఎందుకంటే ఆవిడ అరటికాయలు చెక్కు తీసేటప్పుడు మామూలుగా తిట్టుకుంటుంది.

తాను చూసిన పట్నాల గురించి ఆయన వంటింట్లో చెప్పేవాడు. చర్చిలూ కోటలూ ఆయనకి పట్టవు. అసున్సియోన్‌లో బస్సులు ఎంత పాతవో, పోతోసీలో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను కంటే డ్రైవరు ఎక్కువ ఆయాసపడతాడనీ, కూస్కో వీధుల్లో రాళ్ళ మధ్య టైరు ఎక్కడ ఇరుక్కుంటుందో, ఇవే కబుర్లు.

"లా పాస్‌లో మనుషుల్ని పెట్టెల్లో కూర్చోబెట్టి తీగ మీద పంపిస్తారు. డ్రైవరు లేడు! తలుపు దానంతటదే పడుతుంది. దిగాక వెనక్కి తిరిగి నా ఉద్యోగానికి ఓ దండం పెట్టుకున్నాను."

"తెగిపోతే?" అంది అక్క.

"తెగిపోయి ఉంటే ఈ అరటికాయలు ఎవరు తినేవాళ్ళు? లీమాలో అయితే చావు లేదు, అసలు కదిలితే గదా. పదకొండు కిలోమీటర్లకి రెండు గంటలు. నా కిటికీ పక్కన ఒకాయన నడుచుకుంటూ వస్తున్నాడు. నేను దిగేసరికి ఆయన కాఫీ తాగి, పేపరు చదివి, బూట్లు పాలిష్ చేయించుకుంటున్నాడు."

రెండు రోజులు రెండు వారాలయ్యాయి, తర్వాత నెలయింది. ఆయన తెచ్చుకున్న మాతే ఆకు అయిపోతే అక్క ఆ బుర్రలో నిమ్మగడ్డి వేసి ఇచ్చింది. ఆయన దాన్ని పీల్చి, కళ్ళు మూసుకుని, చాలా బాగుందన్నాడు. ఉరుగ్వే మనిషి అంత మాట అన్నాడంటే విషయం దూరం పోయిందని నాకు అప్పుడే తెలిసింది.

జనవరిలో ఒక పొద్దున, రేవు మెట్ల మీద దుప్పట్లు ఉతుకుతూ అక్క తల ఎత్తకుండా అంది:

"ఏప్రిల్ సభలో అడుగుతాడట."

"ఏమని?"

"ఇక్కడే ఉండిపోతానని."

మా ఊళ్ళో బయటివాడు స్థిరపడాలంటే ఊరి సభ ఒప్పుకోవాలి. పొలాలు మునిగి ఎవరికీ పని ఉండదు కాబట్టి ఏప్రిల్లోనే ఆ సభ పెడతారు. ఒప్పుకుంటే ఇల్లు కట్టుకోవచ్చు, పొలం దున్నుకోవచ్చు, పెళ్ళి చేసుకోవచ్చు. ఒప్పుకోకపోతే వచ్చే లాంచీ ఎక్కాలి.

"నీకేమైనా కష్టంగా ఉంటుందా?" అని అడిగింది. ఈసారి తలెత్తింది.

"నాకెందుకు? మోటారు రిపేరు చేయడానికి మనిషి దొరికాడు."

తడి దుప్పటి తీసి నా మొహాన కొట్టింది. మా అక్కకి అప్పుడు నలభై ఆరేళ్ళు. ఆ క్షణాన పదహారేళ్ళ పిల్లలా ఉంది. నాకు నిజంగా సంతోషం వేసింది. ఆ మాట ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగింది చూస్తే ఎవరూ నమ్మరు.

కాలువ సంగతి కూడా ఆ నెలలోనే మొదలైంది. మాకు టూరిస్టులని పంపే కంపెనీ మనిషి నౌతాలో నన్ను కూర్చోబెట్టి చెప్పాడు: వచ్చేవాళ్ళకి ఉన్నది రెండు రోజులు, అందులో సగం పడవలోనే పోతోంది, మూడు గంటల్లో చేర్చలేకపోతే వేరే చోటు చూసుకుంటాం అని. ఆ రోజు అన్సెల్మో నాతోనే ఉన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు వంపు మొదట్లో చేతి గడియారం చూసుకున్నాడు. చుట్టి వచ్చాక మళ్ళీ చూసుకున్నాడు.

"గంటా ఇరవై," అన్నాడు. "మెడ మీద ఉన్న ఆ ఎండు చెట్టు బయల్దేరినప్పుడు కుడిపక్క కనిపించింది, ఇప్పుడూ కుడిపక్కే కనిపిస్తోంది. ఇంత పనికిమాలిన మలుపు నా సర్వీసులో చూడలేదు."

ఊరికి వచ్చి మా ఊరి పెద్ద లిసార్దో దగ్గర అదే మాట అన్నాడు. లిసార్దో నవ్వలేదు. మెడ దగ్గర అడ్డంగా కాలువ తవ్వడం మా నదివాళ్ళకి కొత్తేం కాదు. కానీ దానికో పద్ధతి ఉంది. చిన్న పడవ పట్టేంత వెడల్పే తవ్వాలి. తిన్నగా తవ్వకూడదు, వంకర తిప్పాలి. ఎగువ మూతి దగ్గర ఉన్న చెట్లని ముట్టుకోకూడదు, వాటి వేళ్ళే గట్టుని పట్టుకుని ఉంచుతాయి. ఈ మూడూ మా ఊళ్ళో నడక వచ్చిన ప్రతివాడికీ తెలుసు.

"పడవకి దారి ఇద్దాం," అన్నాడు లిసార్దో చివరికి. "నదికి మాత్రం వద్దు. అది ఒకసారి చూసిందంటే ఇక మన మాట వినదు."

నాలుగు రోజులు ఊరంతా కలిసి తవ్వాం. అలాంటి పనికి కూలి ఉండదు, పని పెట్టుకున్న ఇంటివాళ్ళు మసాతో కల్లు పోస్తే చాలు. అక్క మూడు పెద్ద జాడీల కర్రపెండలం ఉడకబెట్టి పులియబెట్టింది. అన్సెల్మో మేకులు పాతి, దారం కట్టి, లిసార్దో చెప్పిన వంకరలన్నీ గీశాడు. తర్వాత పార పట్టుకున్నాడు. మా ఊరి ఎల్వా, నోటికి హద్దులేని మనిషి, గట్టు మీద కూర్చుని చూసింది.

"ఏమయ్యా డ్రైవరూ, ఆ మట్టి కదలడం లేదేం? టికెట్ తీసుకోలేదా?"

"స్టాపు రాలేదమ్మా, వస్తే అదే దిగుతుంది," అన్నాడు రొప్పుతూ.

అందరూ నవ్వారు. మసాతో గిన్నె ఆయన చేతికి వచ్చినప్పుడు ఒక్క గుక్కలో ఖాళీ చేసి, ఇంకోటి అడిగాడు. ఏప్రిల్ సభ ఇక లాంఛనమే అనుకున్నాం.

ఎగువ మూతి దగ్గర మూడు కపిరోనా చెట్లు పక్కపక్కనే ఉండేవి, నున్నటి ఎర్రటి మానులు. కాలువ వాటి మధ్య నుంచి దూరి నదిలో కలిసింది. అన్సెల్మో వాటి ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఈ మూడూ సరిగ్గా గుమ్మంలో నిలబడ్డాయి. తీసేస్తే?"

"తీసెయ్యం," అన్నాడు లిసార్దో.

"సరే," అన్నాడు ఆయన. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కానీ ముప్పై మంది విన్నారు.

ఫిబ్రవరిలో కంపెనీ మనిషి పన్నెండు సీట్ల పడవ వేసుకుని వచ్చాడు, పైన టాపు ఉన్నది. కాలువలో సాఫీగా వచ్చి, కపిరోనాల మధ్య ఇరుక్కుంది. టాపు గీసుకుపోయింది. వెనక్కి తీసుకుని, వంపు చుట్టి, మొహం గంటు పెట్టుకుని మా రేవుకి వచ్చాడు. ఆ సమయానికి అక్క ఇంట్లో లేదు.

"బుధవారం మళ్ళీ వస్తాను," అన్నాడు నాతో. "పడవ పట్టిందా, ప్రతి వారం మనుషుల్ని తెస్తాను, ఈ పడవకి నిన్నే పెడతాను. పట్టలేదా, ఇక నా కోసం చూడకండి."

నేను అక్కతో చెప్పలేదు. లిసార్దోతో అసలే చెప్పలేదు. అరవై గుర్రాల మోటారు, పన్నెండు సీట్లు, నా చేతిలో స్టీరింగు. దాన్ని తలుచుకుంటే నాకు తిండి దిగలేదు. అక్క కోసమే చేశానని తర్వాత చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. సగం నిజం. ఆ స్టీరింగు మిగతా సగం.

మంగళవారం పక్క ఊళ్ళో ఫుట్‌బాల్ పోటీ ఉంది. ఊరు ఊరంతా తెల్లారేసరికి పడవలెక్కి పోయింది. కాలువలో కలుపు తీసి వస్తానని అక్కకి చెప్పి నేను గొడ్డలి తీసుకుని మెడ దగ్గరికి వెళ్ళాను. కపిరోనా గట్టి కర్ర. మొదటి చెట్టుకే నా అరచేతులు చీరుకుపోయాయి. మూడోది పడేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. చెట్లు నదిలో పడి, కాసేపు ఊగి, వాటి దారిన అవి పోయాయి. గట్టు అంచు కూడా రెండు వైపులా తవ్వి వెడల్పు చేశాను. పడవ దర్జాగా పడుతుందని కొలుచుకుని చూసుకున్నాను.

వెనక్కి తిరిగితే అన్సెల్మో నిలబడి ఉన్నాడు, చేతిలో ఆకులో చుట్టిన హువానే. అన్నం, కోడిమాంసం కలిపి ఆకులో ఉడికించేది. అక్క నా భోజనం పంపింది.

ఆయన నరికిన మొదళ్ళ వంక చూశాడు, నీళ్ళ వంక చూశాడు.

"సభ ఒప్పుకుందా?"

"ఒప్పుకుంటారు. బుధవారం టూరిస్టులు దిగాక వాళ్ళే ఒప్పుకుంటారు."

"నెలీదాకి తెలుసా?"

"అక్క కోసమే కదా ఇదంతా."

"నేనడిగింది అది కాదు," అన్నాడు.

నేను హువానే పొట్లం విప్పాను. నేను తింటున్నంత సేపూ ఆయన పక్కన కూర్చుని నది వైపు చూశాడు. లేచేటప్పుడు నా చేతులు చూసి, "ఆ చేతులతో ఏం మోస్తావు," అని గొడ్డలి తన భుజాన వేసుకున్నాడు. మేం ఊళ్ళోకి వచ్చేసరికి ఫుట్‌బాల్ పడవలు తిరిగి వస్తున్నాయి. గొడ్డలితో ఆయన ముందు నడిచాడు, ఖాళీ చేతులతో నేను వెనక నడిచాను. గెలిచామని అరుస్తూ పడవల్లోంచి అందరూ మాకు చేతులూపారు.

మర్నాడు కంపెనీ పడవ కాలువలోంచి నేరుగా మా రేవుకి దిగింది. పన్నెండు మంది. ఎల్వా బుట్టలన్నీ ఒక్క పూటలో అమ్ముడుపోయాయి. లిసార్దో మెడ దగ్గరికి వెళ్ళి మొదళ్ళు చూసి వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా రెండు రోజులు గడిపాడు. అప్పటికే నీళ్ళు పెరుగుతున్నాయి, చేయగలిగింది లేదు. ఎవరు నరికారని ఎవరూ నన్నడగలేదు. అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు. అడగాల్సిన అవసరం వాళ్ళకి లేదని నాకు తెలుసు, గొడ్డలి ఎవరి భుజాన ఉందో అందరూ చూశారు.

ఐదు బుధవారాలు బాగా నడిచాయి, కంపెనీ పడవ స్టీరింగు నా చేతిలో. ఆరో వారం కాలువలో నా పడవ ఎగువకి ఎక్కడానికి మొరాయించింది. మోటారు పూర్తిగా తెరిచినా నిలబడిన చోటే నిలబడింది. ఎక్కిరావడానికి చెమటలు పట్టాయి, నాకూ మోటారుకీ. మరుసటి వారం కాలువ వెడల్పు మూడింతలయింది. ఆ మరుసటి వారం అవతలి గట్టు మీది మనిషిని పేరు పెట్టి పిలిస్తే వినిపించలేదు. పగలంతా గట్టు విరిగి నీళ్ళలో పడే చప్పుడు ఊళ్ళోకి వినిపిస్తూ ఉండేది. మెడ మీద ఏడు కుటుంబాల అరటితోటలు ఉండేవి. నాలుగు రోజుల్లో ఏడూ పోయాయి, గెలలతో సహా.

ఈస్టర్ ముందు శుక్రవారం పుకాల్పా లాంచీ రావాలి. ఊరంతా రేవులో నిలబడ్డాం, గెలలూ కోళ్ళూ ఎండుచేపల మూటలూ సర్దుకుని. నది మీద ఎప్పుడూ మా ఎదురుగా వినిపించే హారన్ ఆ రోజు మా వెనక నుంచి వినిపించింది. అందరం ఒకేసారి వెనక్కి తిరిగాం. ఇళ్ళ కప్పుల మీదుగా, చెట్ల వెనక, లాంచీ పొగగొట్టం ఒకటి ఎడమ నుంచి కుడికి మెల్లగా జరిగిపోయింది. అది మెడలోంచి పోతోంది. మూటల మధ్య ఒక కోడి అరుస్తూనే ఉంది.

అక్క పక్కనే అన్సెల్మో నిలబడి ఉన్నాడు. ఆయన నా వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి కష్టపడుతున్నాడని తెలిసింది.

ఏప్రిల్ ఆఖరులో సభ జరిగింది. ఆయన్ని ఊళ్ళో కలుపుకోవడానికి పెట్టాల్సిన సభే అది. రేవుకి గానీ చేపల మడుగుకి గానీ చేటు చేసినవాడు ఊరు విడిచిపోవాలన్నది మా కట్టుబాటు. ఊరివాడైతే వాడి ఇల్లూ పొలమూ ఊరికి పోతాయి, మళ్ళీ అడుగు పెట్టకూడదు. బయటివాడైతే వచ్చిన లాంచీ ఎక్కితే సరిపోతుంది. ఈ తేడా నేను ముందు రోజు నుంచీ మనసులో బేరీజు వేసుకుంటూనే ఉన్నాను. ఆయనకి ఎక్కడో ఒక ఊరుంది, పెన్షనుంది. నాకు ఇది తప్ప ఏముంది? ఇలాంటి లెక్కలు నాకు బాగా వచ్చు.

లిసార్దో ఎక్కువ మాటలు పెట్టలేదు.

"దోన్ అన్సెల్మో, ఆ చెట్లు తీసేద్దామన్నది మీరు. గొడ్డలితో వచ్చింది మీరు. చెప్పుకునేది ఏమైనా ఉందా?"

ఆయన లేచి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"తీసేద్దామని అడిగింది నేనే," అన్నాడు. "కాలువ గీసింది నేనే. గొడ్డలి మోసుకొచ్చిందీ నేనే. మీ అరటితోటలకి నాకు చాలా బాధగా ఉంది."

అందులో ఒక్క మాటా అబద్ధం కాదు.

"ఇంకెవరైనా మాట్లాడతారా?" అని లిసార్దో చుట్టూ చూశాడు.

నేను తేలు కుట్టిన దొంగలా నేల వైపు చూస్తూ కూర్చున్నాను. ఎల్వా కూడా నోరు విప్పలేదు. బయట గట్టు విరిగిన చప్పుడు ఒకటి వినిపించింది.

"పంపించెయ్యాలన్నవాళ్ళు చేతులెత్తండి."

చేతులు లేచాయి, ముందు తోటలు పోయినవాళ్ళవి, తర్వాత మిగతావాళ్ళవి. నా ముందు వరసా, నా పక్కవాళ్ళూ ఎత్తేశారు. నేనొక్కణ్ణే ఎత్తకపోతే ఎందుకని చూస్తారు. నా చెయ్యి కూడా లేచింది.

అక్క ఎత్తలేదు. ఆవిడ సంగతి తెలిసిందే గదా అని అందరూ వదిలేశారు.

మూడు రోజుల తర్వాత నేనే ఆయన్ని చిన్న పడవలో మెడ దగ్గరికి తీసుకెళ్ళాను. అక్క మెట్ల మీద నిలబడి వీడ్కోలుగా చెయ్యి ఊపింది, కిందికి దిగలేదు. దారిలో ఆయన మోటారు గురించి చెప్పాడు, రెండో ప్లగ్గు మార్చమన్నాడు. లాంచీ కనిపించాక అడిగాను:

"ఎందుకు చెప్పలేదు?"

"ఆవిడకి తమ్ముడు ఒక్కడే గదా," అన్నాడు.

లాంచీ ఆగలేదు, కాస్త నెమ్మదించింది. ఆయన సంచి విసిరి, ఫ్లాస్కు చంకలో పెట్టుకుని, పక్కనున్న కమ్మీ పట్టుకుని ఎక్కేశాడు. ముప్పై ఒక్క ఏళ్ళు మనుషుల్ని ఎక్కించి దించినవాడు, ఎక్కడం బాగానే తెలుసు. మళ్ళీ ఉత్తరం ముక్క రాలేదు.

జూన్‌లో నీళ్ళు దిగాయి. వంపు రెండు మూతులకీ ఇసుక పట్టేసింది, రేవులో మోకాలి లోతు బురద మిగిలింది. కంపెనీవాళ్ళు వేరే చోటు చూసుకున్నారు. ఊరు మొత్తం లేచి మెడకి కాస్త పైన, గట్టి నేల మీదికి మారాల్సి వచ్చింది. మేమూ వసతిగృహాన్ని విప్పడం మొదలుపెట్టాం. ముందు టూరిస్టు గదులు, తర్వాత వంటిల్లు, చివర అక్క గది. ఆవిడ బయట కప్పు ఆకులు కట్టలు కడుతోంది. నేను మంచం జరిపితే కింద ఒక గోనెసంచి కనిపించింది. మూతి బిగించి ఉంది. విప్పాను. లోపల పడుకునే గుడ్డ ఊయలలు మూడు, ఒక్కొక్కటీ దాని తాళ్ళతోనే చుట్టి కట్టి ఉన్నాయి. లాంచీలో మంచాలుండవు, ఎవరి ఊయల వాళ్ళు కట్టుకోవాలి. మా దగ్గర ఊయల అలా చుట్టారంటే ప్రయాణమే.

"ఇవేంటక్కా?"

తొంగి చూసి, మళ్ళీ ఆకులు కట్టుకుంది.

"సభ రోజు పొద్దున కట్టాను."

"మూడెందుకు?"

"ఆయనకొకటి, నాకొకటి, నీకొకటి."

నేను సంచి పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"ఆ మంగళవారం ఆయన నీకు అన్నం తెచ్చాడు చూడు," అంది. "ఉప్పు పొట్లం మర్చిపోయి వెళ్ళాడు. ఇద్దామని వెనకే వచ్చాను. బాట మలుపు దాకా వచ్చి, చూసి, వెనక్కి వెళ్ళిపోయాను."

నేల మీద కూర్చున్నాను. నాలుగు నెలలుగా దాచుకున్నాననుకున్నది అంత మామూలుగా ఆవిడ నోట్లోంచి వచ్చింది.

"మరి సభలో ఎందుకు చెప్పలేదు?"

"నేను చెబితే నిన్ను పట్టిచ్చినట్టు. నువ్వే చెబుతావని కూర్చున్నాను. నువ్వు చెబితే ముగ్గురం ఒకే లాంచీ ఎక్కేవాళ్ళం. ఆయన ఊరో, లీమానో, ఎక్కడైతే ఏం? నాకు వంట వచ్చు, నీకు బండి నడపడం ఆయన నేర్పేవాడు. అన్నీ అనుకునే కట్టాను."

"నువ్వైనా ఆయనతో వెళ్ళాల్సింది అక్కా."

"వెళ్దామనే లేవబోయాను," అంది. "అప్పుడు నీ చెయ్యి లేచింది."

కట్ట ముడి వేసి, తాడు పంటితో తెంపి, నా వైపు చూసింది.

"అలా చెయ్యెత్తగలిగినవాణ్ణి ఒంటరిగా వదిలేసి ఎలా పోను రా?"

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. ఆవిడ లోపలికి వచ్చి, నేల పలక ఒక కొస పట్టుకుని, రెండో కొస పట్టుకోమంది. ఇద్దరం ఎత్తాం.